చీనీ తోటలో వైరస్ దారి పట్టుకునేదెట్లా

(చీనీ అంటే బత్తాయి. చీనీ, నిమ్మ రైతులు, నర్సరీ నిర్వాహకులు, ఉద్యాన విద్యార్థులు పాల్గొన్న సమావేశంలో ఒక మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు నన్ను. నిద్ర వచ్చేవాళ్లు వెనక వరసలోకి వెళ్లండి, నాకేం కోపం రాదు. నర్సరీ వాళ్లు మాత్రం దయచేసి ముందుకు రండి. ఇవాళ్టి మాటల్లో సగం మీకోసమే.

పొద్దున్నుంచి బయట చెట్టు కింద నన్ను పట్టుకున్నవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు. "సార్, వైరస్‌కి ఏం మందు కొట్టాలి?" ముందు ఆ సంగతి తేల్చేద్దాం. మందు లేదు. మళ్లీ చెప్తున్నా, లేదు. బంక తెగులుకు మందుంది, గజ్జి తెగులును అదుపులో పెట్టే మందుంది, నల్లికి మందుంది. చెట్టుకు వైరస్ సోకిందంటే ఆ చెట్టు బతికినంత కాలం అది అందులోనే ఉంటుంది. ఎవరైనా డబ్బా చూపించి ఇది వైరస్‌కి అని చెప్తే, ఇంటికి తీసుకుపోయే ముందు ఆ డబ్బా మీద ఏం రాసుందో మీ అబ్బాయితో చదివించండి. మహా అయితే పురుగు మందో, సూక్ష్మపోషకాల మిశ్రమమో అయి ఉంటుంది.

మందు లేనప్పుడు మన చేతిలో ఉండేవి రెండే పనులు. వైరస్ ఎక్కడుందో కనిపెట్టడం ఒకటి. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎటు పోతోంది అని ఏడాది ఏడాదికీ చూసుకుంటూ పోవడం రెండోది. మొదటిది అంతో ఇంతో చేస్తున్నాం. రెండోది అసలు చేయడం లేదు. నన్నడిగితే డబ్బు మిగిలేది ఆ రెండోదాంట్లోనే.

మన చీనీ, నిమ్మ తోటల్లో ముఖ్యంగా రెండు వైరస్‌లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి ట్రిస్టెజా. రెండోది మొజాయిక్, పసుపు మచ్చల తెగులు. గ్రీనింగ్ సంగతేమిటని విద్యార్థులు అడుగుతారు, తెలుసు. గ్రీనింగ్ బ్యాక్టీరియా వల్ల వచ్చేది, సిల్లా పురుగు మోసుకొస్తుంది. అది చిన్న తెగులు అని కాదు, వైరస్ కాదు అంతే. దాని జోలికి ఇవాళ అవసరమైనంత వరకే వెళ్తాను.

ట్రిస్టెజా కథ కొంచెం చెప్పాలి. 1930లలో బ్రెజిల్, అర్జెంటీనా తోటల్లో బత్తాయి చెట్లు ఉన్నట్టుండి వాడిపోవడం మొదలైంది. ఎకరాలకు ఎకరాలు. కాయలు చెట్టు మీదే వేలాడుతుంటాయి, ఆకులు ముడుచుకుపోతాయి, కొన్ని వారాల్లోనే చెట్టు ఎండిపోతుంది. అక్కడివాళ్లు మొదట నేల అనుకున్నారు, నీళ్లు అనుకున్నారు. విచిత్రం ఏమిటంటే చచ్చేవన్నీ పుల్లనారింజ వేరు మొక్క మీద అంటుకట్టిన చెట్లే. పక్కనే ఇంకో వేరు మీద ఉన్న చెట్టుకు ఏమీ కాలేదు. 1946లో మెనెగిని అనే శాస్త్రవేత్త బ్రెజిల్‌లో రుజువు చేశాడు, ఇది పేనుబంక అనే రసం పీల్చే చిన్న పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోసుకెళ్లే వైరస్ అని. అప్పటి నుంచి ఇప్పటికి ప్రపంచం మొత్తం మీద దీనివల్ల చచ్చినవి, పనికిరాకుండా పోయినవి కలిపి దగ్గర దగ్గర 10 కోట్ల చెట్లు అని లెక్క.

ఎట్లా చంపుతుంది? ఆకులో తయారైన ఆహారం కిందికి దిగే నాళాలు బెరడులో ఉంటాయి కదా, ఈ వైరస్ కాపురం అక్కడే. అంటు అతికిన చోటు కింద, పుల్లనారింజ భాగంలో, ఆ నాళాలు చచ్చిపోతాయి. ఆహారం వేరుకు దిగదు. పైన పచ్చగా ఉన్న చెట్టు కింద వేర్లు ఆకలితో చస్తుంటాయి. వేర్లు చచ్చాక నీళ్లు పైకి రావు. రైతుకు కనిపించేది ఆఖరి అంకం మాత్రమే.

మరి మన దగ్గర అట్లా ఎందుకు ఊళ్లకు ఊళ్లు ఎండిపోలేదు? మన అనంతపురం, కడప, నల్లగొండ తోటల్లో వేరు మొక్క ఏది? రంగపూర్ నిమ్మ. లేకపోతే జంభేరి. ఈ రెండూ ట్రిస్టెజాను తట్టుకుంటాయి. అదృష్టమే. కానీ సగం అదృష్టం. మిగతా సగం ఏమిటో చెప్పండి చూద్దాం? ఎవరైనా? ఆ అమ్మాయి సరిగ్గా చెప్పింది. చెట్టు చావదు, అంటే రోగం కనపడదు. రంగపూర్ మీద ఉన్న సాత్‌గుడి రకం చీనీ చెట్టులో ట్రిస్టెజా నిండా ఉండొచ్చు, చెట్టు నిగనిగలాడుతూ కాయొచ్చు. మీరు దాన్నే మంచి చెట్టని చూపిస్తారు. నర్సరీ ఆయన అంటుకట్టడానికి దాన్నుంచే మొగ్గ కొమ్మలు కోస్తాడు. ఒక కొమ్మకు ఎన్ని కళ్లుంటాయి? అన్ని కొత్త చెట్లకూ ఆ వైరస్ పాకినట్టే.

దాని పక్కన నిమ్మ తోట ఉందనుకోండి, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది. నిమ్మ ఈ వైరస్‌ను తట్టుకోలేదు. ఏ వేరు మీద ఉన్నా తట్టుకోలేదు, విత్తనం మొక్కయినా తట్టుకోలేదు. గూడూరు, వెంకటగిరి వైపు నుంచి వచ్చిన నిమ్మ రైతులు ఉన్నారిక్కడ, వాళ్లకు చూపించక్కర్లేదు. మిగతావాళ్లు ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. బాగా విచ్చుకున్న లేత నిమ్మాకు ఒకటి తుంచి ఎండకు అడ్డం పెట్టి చూడండి. ఆకు ఈనెలు మామూలుగా సన్నగా, వరసగా కనపడాలి. వైరస్ ఉంటే ఈనె వెంట అక్కడక్కడా తెగినట్టు చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి, ఆ గీతల గుండా వెలుతురు దూసుకొస్తుంది. ఆకు దొప్పలా లోపలికి ముడుచుకుని ఉండొచ్చు. తర్వాత బొటనవేలంత లావు కొమ్మ ఒకటి కోసి బెరడు ఒలవండి. లోపలి చెక్క నున్నగా ఉండాలి. దాని మీద నిలువుగా సన్నటి గుంటలు, గాడి పెట్టినట్టు ఉన్నాయా? ఒలిచిన బెరడు లోపలివైపు చూడండి, ఆ గుంటల్లో దిగే మేకుల్లాంటి ముళ్లు కనపడతాయి. అది కాండపు గుంటల లక్షణం. కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా.

ఈ నిమ్మ మొక్కే ప్రపంచమంతా ట్రిస్టెజాకు పరీక్ష మొక్క. ల్యాబుల్లో యంత్రాలు రాకముందు, ఇప్పటికీ చాలా చోట్ల, అనుమానం ఉన్న చెట్టు నుంచి చిన్న బెరడు ముక్క తెచ్చి నిమ్మ మొలకకు అంటుకడతారు. చల్లటి షెడ్‌లో పెట్టి కొన్ని నెలలు చూస్తారు. నిమ్మాకులో ఆ గీతలు పడ్డాయా, తల్లి చెట్టుకు వైరస్ ఉన్నట్టే. వేసవిలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, వేడికి వైరస్ అణిగిపోయి లక్షణాలు సరిగా తేలవు.

ఇక మొజాయిక్. ఇది కళ్లకు కనపడే తెగులు. ఆకు మీద ప్రకాశంగా పసుపు మచ్చలు, ఈనెల పక్కన పసుపు చారలు. 1970లలోనే మన దేశంలో చీనీలో దీన్ని గుర్తించి రాశారు. పదేళ్ల సాత్‌గుడి చెట్లలో దిగుబడి 77 శాతం తగ్గిందన్న లెక్క ఒకటుంది, రసం కూడా తగ్గుతుంది. మన దగ్గర ఇది తోట నుంచి తోటకు వెళ్లింది ప్రధానంగా మన చేతుల మీదుగానే. అంటు ద్వారా. పిండినల్లి పాత్ర మీద పరిశోధనలున్నాయి, దాన్ని వదిలేయమనను. అయితే ఒక కొత్త తోటలో మొజాయిక్ చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి విసిరేసినట్టు ఉంటే పిండినల్లి కోసం వెతకడం తర్వాత, ముందు మొక్కలు కొన్న రసీదు కోసం వెతకండి.

కళ్లకు కనపడుతుందన్నాను కదా, అక్కడో చిక్కుంది. ఆకు పసుపైన ప్రతిదీ వైరస్ కాదు. జింకు లోపానికీ పసుపు వస్తుంది, మన సున్నపు నేలల్లో ఇనుము లోపం మామూలే, గ్రీనింగుకూ పసుపు వస్తుంది. ఆకును నడిమి ఈనె దగ్గర మడిచి చూడండి. రెండు సగాలూ ఒకే తీరుగా, ఈనెల మధ్య పసుపు, ఈనెలు ఆకుపచ్చ ఉన్నాయా? కొత్త చిగురంతా అట్లాగే ఉందా? అయితే పోషక లోపం. రెండు సగాలూ పొంతన లేకుండా, ఒకవైపు పచ్చ ఒకవైపు పసుపు మసకగా ఉంటే గ్రీనింగ్ అనుమానించండి. అంచులు తేటగా ఉన్న గట్టి పసుపు మచ్చలు, ఈనె పక్కన చారలు, అదీ చెట్టులో కొన్ని కొమ్మలకే ఉంటే మొజాయిక్. చెట్టు మొత్తం వాడిపోయి ఎండుతుంటే మన ప్రాంతంలో ముందు వేరు తవ్వి చూడండి. ఎండు వేరుకుళ్లు, బంక తెగులు చంపిన చెట్లను వైరస్ ఖాతాలో రాసేస్తున్నాం. వేరు వాసన చూడండి. కుళ్లిన వాసన వస్తే పంచాయితీ అక్కడే తేలిపోతుంది.

సరే, అనుమానం వచ్చింది. ల్యాబ్‌కు పంపాలి. ల్యాబ్‌లో ఏం చేస్తారో తెలిస్తే మీరు నమూనా సరిగా తెస్తారు, అందుకే చెప్తున్నా.

ఒకటి ఎలైసా. 96 గుంటలున్న ప్లాస్టిక్ పలక. వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలను ముందే గుంటల్లో అతికించి ఉంచుతారు. మీ ఆకు కాడలను నూరి ఆ రసం పోస్తారు. వైరస్ ఉంటే అతుక్కుంటుంది, లేకపోతే కడిగినప్పుడు పోతుంది. చివర రంగు వచ్చే మందు వేస్తే వైరస్ ఉన్న గుంట పసుపు రంగుకు తిరుగుతుంది. ట్రిస్టెజాకు 1970ల చివరి నుంచి ఈ పరీక్ష ఉంది. చవక. ఒకేసారి చాలా చెట్లు చూడొచ్చు.

స్పెయిన్ వాళ్లు దీన్ని ఇంకా సులభం చేశారు. ఆకు నూరడం కూడా లేదు. కాడను బ్లేడుతో అడ్డంగా, నున్నగా కోసి, ఆ కోసిన ముఖాన్ని ప్రత్యేకమైన తెల్ల కాగితం లాంటి పొర మీద మెల్లగా అద్దుతారు. వేలిముద్ర వేసినట్టు ఒక చిన్న గుండ్రటి ముద్ర. తోటలోనే అద్దేసి, పొరను ఆరబెట్టి, కవర్లో పెట్టి పోస్టులో పంపొచ్చు. తర్వాత ల్యాబ్‌లో రంగు తేలుస్తారు. భూతద్దం కింద చూస్తే, ఆ గుండ్రటి ముద్రలో ఆహార నాళాలుండే వలయం ఉంది చూడండి, అక్కడ మాత్రమే ఊదా రంగు చుక్కలు. వైరస్ ఎక్కడ కాపురం ఉందో కూడా కనపడుతుంది. చాలా ముచ్చటైన పరీక్ష. నాకు చాలా ఇష్టం.

ఇంకోటి పీసీఆర్. కరోనా పుణ్యమా అని ఇప్పుడు ఊళ్లో అందరికీ ఆ పేరు తెలుసు. వైరస్ జన్యువులో ఒక చిన్న ముక్కను లక్షల కాపీలు తీసి చూడడం. ట్రిస్టెజాది ఆర్‌ఎన్‌ఏ జన్యువు, 19 వేలకు పైగా అక్షరాలు, కాబట్టి ముందు దాన్ని డీఎన్‌ఏగా మార్చుకోవాలి, ఆర్‌టీ పీసీఆర్ అన్న పేరులో ఆర్‌టీ అందుకే. మొజాయిక్ వైరస్‌ది డీఎన్‌ఏనే, ఏడున్నర వేల అక్షరాలు. దానికి ఆ మొదటి మెట్టు అక్కర్లేదు. పీసీఆర్ చాలా కొద్దిపాటి వైరస్‌నూ పట్టుకుంటుంది, ఖర్చూ ఎక్కువే. నా మాటేమంటే, తోట మొత్తానికి ఎలైసా, మొగ్గ కొమ్మలు కోసే తల్లి చెట్లకు పీసీఆర్. తల్లి చెట్టు దగ్గర పైసలు చూసుకోవద్దు.

డ్రోన్ గురించి అడుగుతారు, అడగకముందే చెప్పేస్తా. డ్రోన్ కెమెరాకు చెట్టు నలతగా ఉందని తెలుస్తుంది. ఎందుకు నలతగా ఉందో తెలియదు. నీళ్లు తక్కువైనా, వేరు కుళ్లినా, వైరస్ అయినా దానికి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. లక్షణాలే చూపించని ట్రిస్టెజా చెట్టును అది ఏం పట్టుకుంటుంది? పెద్ద తోటల్లో ఎక్కడ దిగి చూడాలో చెప్పడానికి పనికొస్తుంది, అంతవరకే. అమెరికాలో కుక్కలకు గ్రీనింగ్ వాసన పట్టేలా శిక్షణ ఇచ్చారు, అవి డ్రోన్ కంటే చాలా నయం అనిపించాయి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా.

ఇప్పుడు నమూనా. ఇది జాగ్రత్తగా వినండి. మనవాళ్లు ఏం చేస్తారు? బాగా పసుపెక్కిన ముదురాకు ఒకటి తుంచి, జేబులో పెట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కి తెస్తారు. అది ఆకు కాదు, ఒరుగు. వైరస్ చెట్టు మొత్తంలో సమంగా ఉండదు. ఒక కొమ్మలో ఉంటుంది, ఎదుటి కొమ్మలో ఉండదు. అందుకే చెట్టుకు నాలుగు దిక్కుల నుంచీ తీయాలి. ఈ మధ్యే పూర్తిగా విచ్చుకున్న ఆకులు, కాడతో సహా. కాడ, నడిమి ఈనె ముఖ్యం, వైరస్ అక్కడే కదా ఉండేది. ఆకు వెడల్పుతో మాకు పనిలేదు. తడి పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఐస్ ఉన్న డబ్బాలో తేవాలి. చెట్టు నంబరు ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి కవర్లో వేయండి, పెన్నుతో రాస్తే చెమ్మకు చెదిరిపోతుంది. మార్చి తర్వాత తేవద్దు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు చిగురు వచ్చినప్పుడు మంచిది. మే నెల ఎండలో తీసిన నమూనాలో లేదు అని వస్తే, ఆ లేదును నేను నమ్మను.

చెట్టు నంబరు అన్నాను. ఎంతమంది తోటల్లో చెట్లకు నంబర్లున్నాయి? చేతులెత్తండి. సరే. అసలు కథ ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

6 మీటర్లకు 6 మీటర్ల దూరం పెట్టారనుకోండి, ఎకరాకు 110 చెట్లు పడతాయి. నాలుగెకరాల తోటలో 400 పైచిలుకు. అన్నీ పరీక్ష చేయించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని అమెరికాలో ట్రిస్టెజా సర్వేల కోసం ఒక ఉపాయం వాడారు. పక్క పక్కన ఉన్న నాలుగు చెట్లు, రెండు ఈ సాలులో, రెండు ఆ సాలులో, ఒక గుంపు. నాలుగు చెట్ల ఆకులూ కలిపి ఒకే నమూనా. 400 చెట్లకు 100 పరీక్షలు. తోట పెద్దదైతే నాలుగు గుంపుల్లో ఒక గుంపు చూసినా సరిపోతుంది, అంటే పావు తోట చెట్లు చూసినట్టు.

అప్పుడు 100 గుంపుల్లో 19 గుంపులకు వైరస్ ఉందని వచ్చిందనుకోండి. తోటలో ఎంత శాతం చెట్లకు ఉన్నట్టు? 19 శాతం అంటారా? కాదు. లెక్క వెనక నుంచి చేయాలి. 81 గుంపులు శుభ్రం. గుంపు శుభ్రం అంటే నాలుగు చెట్లూ శుభ్రమే. కాబట్టి 0.81కి వర్గమూలం తీయండి, 0.9. మళ్లీ వర్గమూలం తీయండి, దాదాపు 0.95. అంటే నూటికి 95 చెట్లు శుభ్రం, 5 చెట్లకు వైరస్. 400 చెట్లలో సుమారు 20. రెండుసార్లు వర్గమూలం, అంతే, ఫోన్లో కాలిక్యులేటర్ చాలు. విద్యార్థులు ఇంకో మాట రాసుకోండి. రోగం ఉన్న చెట్లు పక్కపక్కనే ముద్దగా ఉంటే ఈ లెక్క అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఎందుకో ఇంటికెళ్లి ఆలోచించండి.

ఇంకో ప్రశ్న. పావు తోట, అంటే 400లో 100 చెట్లు చూశాం. ఒక్కదానికీ లేదు. తోట శుభ్రమేనా? కాదండి. పది చెట్ల దాకా ఇంకా దాక్కుని ఉండొచ్చు, ఆ వంద చెట్లలో అవి పడకపోవడం పెద్ద వింతేమీ కాదు. కొత్తగా సోకిన చెట్టులో పరీక్షకు దొరికేంత వైరస్ తయారవడానికి నెలలు పడుతుంది కూడా. లేదు అని వచ్చిన కాగితానికి తేదీ ఉంటుంది, ఆ తేదీ తర్వాతి సంగతి ఆ కాగితానికి తెలియదు.

అందుకని తోటకు ఒక పటం గీయండి. పొలానికి అడంగల్ ఉన్నట్టు చెట్టుకూ ఒకటి ఉండాలి. గళ్ల కాగితం మీద ఒక గడి ఒక చెట్టు. సాలు నంబరు, చెట్టు నంబరు. ఏ ఏడు నాటారు, ఏ విడత మొక్క, చచ్చిన చోట మళ్లీ నాటినదైతే ఎప్పుడు నాటారు, మొక్క ఎక్కడ తెచ్చారు. పరీక్షలో ఉంది అని వచ్చిన గడికి ఎర్ర చుక్క, పక్కన సంవత్సరం. మరుసటేడు మళ్లీ. మూడేళ్లు చేశాక ఆ కాగితం ముందు పెట్టుకుని చూడండి, వైరస్ ఎట్లా వచ్చిందో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

ఎట్లా చదవాలి దాన్ని? నాటిన మొదటి ఏడాదిలోనే చుక్కలు చెదురుమదురుగా, ఏ సాలుకూ ఏ గట్టుకూ సంబంధం లేకుండా పడ్డాయా? అది మొక్కతో వచ్చింది. అన్ని చుక్కలూ ఒకే విడత మొక్కల మీద ఉంటే ఇక అనుమానమే లేదు. మొదటి ఏడాది శుభ్రంగా ఉండి, మూడో ఏడు నుంచి చుక్కలు గుంపులు గుంపులుగా, ఒక చెట్టు చుట్టూ ఇంకో నాలుగు అన్నట్టు పెరిగాయా? అది పేనుబంక పని. గట్టు పక్క సాలులో మొదలై లోపలికి వచ్చాయా? పక్క తోట వైపు ఒకసారి తలెత్తి చూడండి.

పేనుబంకల్లో కూడా తేడా ఉంది. నల్లటి చీనీ పేనుబంక ఈ చెట్ల మీదే కాపురం పెడుతుంది, లేత చిగురు మీద గుంపుగా కూర్చుంటుంది. పక్క చెట్టుకు నడిచిపోతుంది, రెక్కలొస్తే కొంచెం దూరం ఎగురుతుంది. కాబట్టి చుక్కలు దగ్గర దగ్గరగా పడతాయి. పత్తి పేనుబంక చీనీ మీద ఎక్కువ కాలం ఉండదు, దారిన పోతూ కుట్టి పోతుంది. చుక్కలు దూరం దూరంగా పడతాయి. ఎవరు ఎంత వేగంగా వ్యాప్తి చేస్తారో కోస్టారికా, డొమినికన్ రిపబ్లిక్ తోటల్లో, స్పెయిన్, ఫ్లోరిడా తోటల్లో చెట్టు చెట్టుకూ పటాలు గీసి చూశారు. పత్తి పేనుబంక ఉన్నచోట తోటలో నూటికి 5 చెట్ల నుంచి 95 చెట్లకు పాకడానికి 8 నుంచి 15 ఏళ్లు పట్టింది. నల్ల పేనుబంక ఉన్నచోట అదే పని 2 నుంచి 4 ఏళ్లలో అయిపోయింది. ఫ్లోరిడా వాళ్లు ఆ నల్ల పేనుబంక 1995లో తమ దగ్గరికి వచ్చిందని హడలిపోయారు. అది అసలు ఆసియాది. మన తోటల్లో తాతల నాటి నుంచీ ఉంది.

అయితే పేనుబంకకు మందు కొడదాం అంటారా? చిగురును కాపాడటానికి కొట్టండి, వద్దనను. వైరస్‌ను ఆపడానికి అదొక్కటే నమ్ముకోవద్దు. రోగం ఉన్న చెట్టును కొద్ది గంటలు పీల్చిందంటే పేనుకు వైరస్ అంటుకుంటుంది, ఒకటి రెండు రోజులు నోట్లో ఉంటుంది. బయటి నుంచి ఎగిరొచ్చిన రెక్కల పేను, మీ మందు తగిలి చచ్చేలోపే కుట్టాల్సింది కుట్టేస్తుంది.

పటం గీసినవాళ్లు ఏం సాధించారో రెండు మాటలు. కాలిఫోర్నియాలో 1963లో ట్రిస్టెజా నిర్మూలన కోసమే ఒక సంస్థ పెట్టారు. రైతులే డబ్బు కట్టుకున్నారు. ఏటా తోటలు తిరిగి ఆకులు కోసి, రోగం ఉన్న చెట్టు కనపడితే పీకించారు. దశాబ్దాలు నడిచింది. అక్కడ నల్ల పేనుబంక లేదు, అందుకని నడిచింది. అది మనం మక్కీకి మక్కీ చేయాలంటే కుదరదు.

స్పెయిన్ కథ వేరు. 1957లో అక్కడ ట్రిస్టెజా బయటపడింది. పుల్లనారింజ మీదున్న చెట్లు దాదాపు 4 కోట్లు పోయాయి. వాళ్లు పీకడం మీద ఆశ పెట్టుకోలేదు. 1975లో చిగురు మొన అంటు పద్ధతిని పక్కాగా పట్టుకున్నారు. మైక్రోస్కోపు కింద చిగురు మొన కోస్తారు, మిల్లీమీటరులో ఐదారో వంతు ఉంటుంది. అంత లేత మొనలోకి వైరస్ ఇంకా ఎక్కి ఉండదు. దాన్ని గాజు గొట్టంలో ఉన్న మొలకకు అంటుకడతారు. అట్లా శుభ్రమైన తల్లి చెట్లు తయారు చేసి, వలల ఇళ్లలో పెట్టి, నర్సరీలకు అక్కణ్ణుంచే మొగ్గ కొమ్మలు ఇచ్చారు. వేరు మొక్క మార్చారు. తోటలు మళ్లీ నిలబడ్డాయి.

నర్సరీ వాళ్లూ, వింటున్నారా? నాగపూర్‌లో కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఉంది, తిరుపతిలో నిమ్మజాతి పరిశోధన స్థానం ఉంది. పరీక్ష చేసిన మొగ్గ కొమ్మ తెచ్చుకోండి. తల్లి చెట్లను 40 మెష్ వల, అంటే అంగుళానికి 40 కళ్లున్న సన్న వల కింద పెట్టండి, బయట తోటలో కాదు. తల్లి చెట్టుకు ఏటా పరీక్ష. ఏ తల్లి చెట్టు మొగ్గ ఏ విడతకు కట్టారో పుస్తకంలో రాయండి. రేపు ఒక రైతు పటం పట్టుకుని మీ దగ్గరికొస్తే, మీ పుస్తకమే మిమ్మల్ని కాపాడుతుంది. ఒక తల్లి చెట్టుది తప్పయితే ఆ ఒక్కదాన్నే తీసేయొచ్చు. పుస్తకం లేకపోతే నర్సరీ మొత్తానికి మచ్చ.

ఒకటి రెండు ప్రశ్నలకు టైముందంటున్నారు.

ఆ పెద్దాయన అడుగుతున్నారు, ఉంది అని వచ్చిన చెట్టు కొట్టేయాలా అని. అయ్యా, పటం చూడకుండా గొడ్డలి తీయొద్దు. రెండు మూడేళ్ల తోట, మొజాయిక్, నాలుగైదు చెట్లు. అయితే పీకేయండి, ఈ రోజే, మంచి మొక్క తెచ్చి నాటండి. పన్నెండేళ్ల చీనీ తోట, రంగపూర్ వేరు, ట్రిస్టెజా సగం చెట్లకు ఉంది, కాపు బాగుంది. అయితే ఎందుకు కొడతారు? కొట్టినా నల్ల పేను మళ్లీ తెస్తుంది. నీళ్లు, ఎరువు చూసుకుని కాయించుకోండి. ఒక్క షరతు, ఆ తోట నుంచి ఎవరికీ మొగ్గ కొమ్మ ఇవ్వొద్దు. బామ్మర్ది అడిగినా ఇవ్వొద్దు. పక్కన నిమ్మ తోట వేయబోతున్నవాళ్లుంటే వాళ్లకు సంగతి చెప్పండి, అది మర్యాద.

అమ్మా, మీరు కత్తెర గురించి కదా అడిగింది? మంచి ప్రశ్న. ట్రిస్టెజా కత్తెరతో అంత సులభంగా పోదు. మొజాయిక్ రసం ద్వారా కూడా సోకగలదు, కొన్ని వైరాయిడ్లయితే, అంటే వైరస్ కంటే చిన్న రోగకారకాలు, కత్తి మీద చాలా కాలం బతికి ఉంటాయి. రంగపూర్ వేరుకు ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ అంటే అసలు పడదు. కాబట్టి చెట్టు చెట్టుకూ మధ్య కత్తెర ముంచాలి. సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 4, 5 శాతంది దొరుకుతుంది, ఒక వంతుకు నాలుగు వంతులు నీళ్లు కలపండి. రెండు కత్తెర్లు పెట్టుకుంటే ఒకటి నానుతుండగా ఇంకోదానితో పని నడుస్తుంది. ఏ రోజు ద్రావణం ఆ రోజే, నిన్నటిది పనిచేయదు. ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, సాయంత్రం మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె రాసి పెట్టండి. కత్తిరింపు కూలీలను బయటి నుంచి పిలిపిస్తే వాళ్ల కత్తెర్లు కూడా తోటలో అడుగుపెట్టక ముందే ముంచండి. వాళ్లు నిన్న ఎవరి తోటలో ఉన్నారో మీకు తెలియదు కదా.